జపాన్ తాత పటం

సోలాపూర్‌లోని మా దాజీ పేట్‌లో ఈమధ్య ఒక క్లాసు పెట్టారు. చద్దర్ల మీద, తువ్వాళ్ల మీద వేసే డిజైన్లను కంప్యూటర్లో గీయడం నేర్పుతారు. అందులో చేరిన అమ్మాయిలు కొందరు ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, "మామా, కంప్యూటర్ లేనప్పుడు మీరు ఎట్ల గీస్తుంటిరి?" అని అడిగారు.

"కూసోని" అన్నాను.

నవ్వి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక ఆలోచిస్తే అది హాస్యం కాదనిపించింది. నలభై ఏళ్లు నేను చేసిన పనిని ఒక్క మాటలో చెప్పమంటే అదే. మిగతా మాటలు ఆ పిల్లల కోసం ఇక్కడ రాస్తున్నాను. ఎప్పుడు ఎంత జీతం పెరిగిందో, ఎవరు ఏ శాలువా కప్పారో రాయను. ఊరంతటికీ చద్దర్లు నేసే చోట ఒకరు కప్పే శాలువాకు ఎంత విలువుంటుందో మీకూ తెలుసు.

పగలే చుక్కలు

కార్ఖానాలో అందరూ నన్ను మాస్తర్ అనేవారు. నా పని నక్షాలు గీయడం, అంటే నేయబోయే బొమ్మను ముందుగా గళ్ల కాగితం మీద రంగుల చుక్కలతో వేయడం. ఒక్కో గడి ఒక్కో పోగు. చుక్క పెట్టిన చోట పోగు పైకి తేలుతుంది, ఖాళీ వదిలిన చోట మునుగుతుంది. ఆ కాగితాన్ని చూసి పక్క గదిలో అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీదికెక్కి, ఏ పోగు ఎప్పుడు లేవాలో చెబుతాయి. ఒక్క గులాబీకి కొన్ని వేల చుక్కలు. పట్టపగలు చుక్కలు చూపిస్తామని లోకంలో కోపమొచ్చినవాళ్లు బెదిరిస్తారు. నాకు అదే చూపించి జీతమిచ్చేవారు.

నా బల్ల అటక మీద ఉండేది. కింద మగ్గాలు. ఆ చప్పుడులో మనిషి మాట మనిషికి వినిపించదు. కింద పనిచేసేవాళ్లు చేతులతో మాట్లాడుకునేవారు. చాయ్ అంటే ఒక సైగ, సేట్ వస్తున్నాడంటే ఇంకో సైగ. అటక మీద నాకు ఆ సైగలు చేసేవాళ్లు కూడా లేరు. పొద్దున నిచ్చెన ఎక్కేవాణ్ని, సాయంత్రం దిగేవాణ్ని. మధ్యలో నేను పోగు చేసుకున్నవి పోగులే.

ఇంకొక సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దాని మీదే ఆధారపడింది. చద్దరు మీద పువ్వును మేం పూర్తిగా గీయం. సగమే గీస్తాం. రెండో సగాన్ని మగ్గమే తిప్పి నేస్తుంది. ఎడమ రేకు ఎలా ఉంటే కుడి రేకూ అలాగే. నెమళ్లంటే ఒక నెమలి గీస్తే చాలు, ఎదురుగా రెండోది దానంతట అదే వచ్చి నిలబడుతుంది. నలభై ఏళ్లు నేను సగం పూలు, సగం కుండీలు, సగం కలశాలు గీశాను. అలా చేసి చేసి ఎడమ, కుడి రెండూ ఒకటేనన్న నమ్మకం చేతి వేళ్లలోకి దిగిపోతుంది. అది మా పనిలో పట్టే జబ్బు. మందు లేదు.

క్షవరం చేయించుకునేవాళ్లకు మాత్రమే

ఆ జబ్బు మొదటిసారి బయటపడింది నా ఇరవై రెండో ఏట. కుస్తీలు నేర్పే ఒక తాలీం వాళ్లు గోడకు తగిలించుకోవడానికి ఒక నేత పటం అడిగారు. గద పట్టుకున్న హనుమంతుడు, కింద తాలీం పేరు. ఇలాంటి పటాలు చిల్లుల అట్టలతో నడిచే జకార్డు మగ్గం మీద కాదు, చేతి మగ్గం మీద ఒక్కో రంగు పోగు వేలితో దూర్చి నేస్తారు. నేసేవాడు పటాన్ని వెనకవైపు నుంచి నేస్తాడు. పోగుల కొసలు, ముడులు అన్నీ చేతికి అందేలా పైన ఉండాలి కదా. నునుపైన ముఖం కింద ఉంటుంది. నా కాగితం పడుగు కింద పరిచి, నేను గీసింది గీసినట్టు నేస్తే, మగ్గం మీంచి కోసి తిప్పిన తర్వాత ఎడమ కుడిగా వస్తుంది.

హనుమంతుడికి ఏమీ కాలేదు. గద ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది, అంతే. ఆయన బలానికి రెండు చేతులూ ఒకటే. కానీ అక్షరాలు తిరగబడ్డాయి. పహిల్వాన్లు పటం ముందు నిలబడి, మెడలు వంచి, నోళ్లు తెరిచి, తమ తాలీం పేరును తామే చదవలేకపోయారు.

మా యజమాని గంగారాం సేట్ నన్ను పిలిచాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన పటాన్ని చూసి, "దీన్ని పారేసుడు ఎందుకు? కొంతం చౌక్‌ల మంగలి దుకాణం ఉన్నది, ఆయనకియ్యి. కుర్చీల వెనక గోడకు పెట్టుకుంటడు" అన్నాడు.

అలాగే పెట్టారు. కుర్చీలో కూర్చుని ఎదుటి అద్దంలో చూస్తే అక్షరాలు చక్కగా కనబడేవి. దుకాణం తీసేసే దాకా ఆ పటం అక్కడే ఉంది. ఈ ఊళ్లో నా రాతను సరిగ్గా చదివినవాళ్లు క్షవరం చేయించుకునేవాళ్లు మాత్రమే.

"అక్షరం ఉంటే అద్దంల చూస్కో" అన్నాడు సేట్ నాతో. ఆ సాయంత్రమే గడ్డం గీసుకునే అద్దం ఒకటి కొని బల్ల సొరుగులో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. అక్షరం ఉంటే, అని ఆయన అన్న మాటను మాత్రం గుర్తుంచుకోండి.

ఒక కొంగ

సేట్ గురించి నిజం రాస్తాను. ఆయనకు బొమ్మ తెలియదు, గిరాకీ తెలుసు. చెడ్డవాడు కాదు, కానీ ఒక మనిషి అటక మీద ఏం ఆలోచిస్తాడో తెలుసుకోవాలన్న కుతూహలం ఆయనకు ఒక్క రోజూ కలగలేదు.

ఒకసారి ఎవరూ అడగకుండానే ఒక నక్షా గీశాను. చద్దరంతా నీలం, ఒక మూల ఒకే ఒక్క కొంగ. సగం గీసి తిప్పింది కాదు, పూర్తి కొంగ. సేట్ చూశాడు.

"ఇంకో కొంగ ఏది?"

"ఒక్కటే సేట్."

"అర్రె, మంచం మీద ఇద్దరు పండుకుంటరు గదరా. ఒకని దిక్కు కొంగ ఉన్నది. రెండోవాని దిక్కు ఏమున్నది?"

రెండో కొంగ వేశాను. చద్దరు బాగా అమ్ముడుపోయింది. ఆయన మాట సరైనదే, పిల్లలూ. చద్దరు కప్పుకునేవాళ్ల కోసం, గీసేవాడి కోసం కాదు. కానీ ఆ మొదటి కాగితం చాలాకాలం దాచుకున్నాను. ఒంటరి కొంగకు నా ఇంట్లో చోటు ఉండేది.

రద్దీలో దొరికిన మనిషి

చద్దర్ల కట్టల మధ్య వేయడానికి కార్ఖానాకు రద్దీ కాగితం, అంటే చిత్తు కాగితం, వచ్చేది. ఒక రోజు ఆ కుప్పలో అట్ట చిరిగిపోయిన మరాఠీ పుస్తకం ఒకటి కనబడింది. అన్నం తినేటప్పుడు చదువుదామని పైకి తెచ్చుకున్నాను. ఒక జపాన్ రచయిత నవలకు అనువాదం. అట్టతోపాటు ఆయన ఫొటో కూడా పోయినట్టుంది. ఆయన పేరు ఇక్కడ రాయను. నా నోటికి తిన్నగా తిరగని పేరును కాగితం మీద ఇంకా వంకర చేయడం ఆయనకు మర్యాద కాదు. లోపలి పేజీలో అనువదించిన ఆమె పేరు ఉంది. ప్రమీలా బాయి. ఊరు మన సోలాపూరే.

కథ చాలా చిన్నది. ఒక ఏటికి ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకు పడవ నడిపే ముసలాయన ఉంటాడు. ఏటి మీద వంతెన కట్టేస్తారు. ఇక ఎవరూ పడవ ఎక్కరు. అయినా ఆయన రోజూ పొద్దున పడవ వేసుకుని వెళతాడు. అవతలి ఒడ్డున నిలబడి "పడవ బయల్దేరుతోంది" అని ఒక్క కేక వేస్తాడు. కాసేపు ఆగి, ఖాళీ పడవతో తిరిగి వస్తాడు. నవలంతా అంతే.

ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. రాసినాయన నన్ను అటక మీద చూసి రాశాడేమో అనిపించేది. అయితే చదివినదాన్ని ఎవరితోనైనా చెప్పుకోకపోతే అది కడుపులో అరగదు. సేట్‌తో చెప్పబోయాను. "వంతెన అయినంక పడవ అమ్మేయాలె" అన్నాడు. మా ఆవిడ గడపలో కూర్చుని బీడీలు చుడుతుంటే రెండు పేజీలు చదివి వినిపించాను. "ఆయనకు ఇంట్ల పనేం లేదా?" అంది. ఆమె చేతిలో బీడీ ఆగలేదు. ఆమె పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగేవాళ్లు కూడా లేరు.

ముప్పై ఏళ్లలో ఆ పుస్తకం చదివిన రెండో మనిషి నాకు ఎదురుపడలేదు. ఉన్నదల్లా ఒక్కరే, ప్రమీలా బాయి. రైలు పట్టాల అవతల ఉంటుందని వాకబు చేశాను. ఆ వీధి దాకా రెండుసార్లు వెళ్లాను. ఏమని తలుపు తట్టాలి? రద్దీలో మీ పుస్తకం దొరికిందని చెప్పనా? రెండుసార్లూ వెనక్కే వచ్చాను.

రిటైరయ్యాక ఒక ఉపాయం తోచింది. ఆ రచయిత బొమ్మ గీసి, నేయించి, బాయికి ఇస్తే? చేతిలో ఒక వస్తువుంటే తలుపు తట్టొచ్చు. లోపలికి రమ్మంటుంది. పుస్తకం గురించి మాట వస్తుంది. ఒక్క గంట చాలు నాకు. ముప్పై ఏళ్లకు ఒక్క గంట.

మొఖం ఏది మాస్తర్?

ఎన్నడూ చూడని మనిషిని ఎలా గీయాలి? మొదట ఊహించి గీశాను. ఒకసారి మా వార్డు కార్పొరేటర్‌లా వచ్చాడు. ఇంకోసారి అచ్చం మా కరీంనగర్ మేనమామ, జపాన్ బట్టల్లో పెళ్లికి బయల్దేరినట్టు. మూడోసారి వచ్చింది నేనే. సిగ్గేసి చింపేశాను.

చివరికి ముఖం గీయడమే మానేశాను. రంగుల కంపెనీ వాళ్లు ఎప్పుడో ఇచ్చిన జపాన్ క్యాలెండరు ఒకటి నా దగ్గరుంది. అందులోని కిమోనోను, అదే వాళ్లు కట్టుకునే ఆ పొడుగాటి అంగీని, మడత మడతా చూసి, మెడ దగ్గర రెండు పట్టీల్లో ఏది పైన ఏది కింద అన్నది కూడా సరిగ్గా చూసి వేశాను. నీలి అంగీ. ఒళ్లో అడ్డంగా ఒక తెడ్డు. ఛాతీ మీద వంతెన నీడ. ముఖం ఉండాల్సిన చోట తెల్లటి నీళ్లు, ఆ నీళ్లలో ఒక చిన్న ఖాళీ పడవ. ఈ బొమ్మకు సగం లేదు. జీవితంలో మొదటిసారి ఎడమవైపూ కుడివైపూ రెండూ నా చేత్తోనే గీశాను. అందులో ఒక్క అక్షరమూ లేదు.

నేత పటాలు నేసే చేతి మగ్గం మా సందులో ఒక్కటే మిగిలింది. నర్సన్నది. నాకన్నా రెండేళ్లు పెద్ద. అది కూడా బతుకమ్మ పండుగ దాకానే. మగ్గం ఉన్న ముందుగదిని తమ్ముళ్లు మొబైల్ దుకాణానికి కిరాయికి మాట్లాడారు. ఆ తర్వాత ఆయన భివండీలో పవర్‌లూమ్ నడిపే కొడుకు దగ్గరికి పోవాలి.

కాగితం చూసి నర్సన్న కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"మాస్తర్, మొఖం ఏది?"

"నీళ్లే మొఖం."

"లయ్ మంచిగయింది. నీళ్లకు ముక్కుండదు, నాకు పని తక్కువ." మళ్లీ చూశాడు. "ఎవలు గీ తాత? మీ సుట్టమా?"

"జపాన్ ఆయన. పుస్తకం రాసిండు."

"మనకేమన్న ఆర్డర్ ఇచ్చిండా?"

"ఆయనకు మనం ఉన్నట్టే తెల్వదు నర్సన్నా."

"మరి నీకెందుకు ఆయన?"

దానికి జవాబు చెప్పాలంటే కథ చెప్పాలి. నర్సన్నకు మరాఠీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆయన నేస్తుంటే పక్కన స్టూలు మీద కూర్చుని, రోజుకు రెండు మూడు పేజీలు చదివి మన మాటల్లో చెప్పేవాణ్ని. చేతి మగ్గం చప్పుడులో మాట వినబడుతుంది. ఆ సుఖం నాకు అప్పుడే తెలిసింది.

మొదటి రోజు, "పిచ్చోడా గీ పడవాయన?" అన్నాడు.

నాలుగో రోజు తనంతట తనే, "పిచ్చోడు కాదు మాస్తర్. చెయ్యి ఊకుండదు. అంతే" అన్నాడు.

ఆ తర్వాత రోజూ నేను రాగానే ఒకటే ప్రశ్న. "ఇయ్యాల ఎవడన్న ఎక్కిండా?"

"లేదు."

"ఎక్కుతడు తియ్యి. జల్దీ ఏమున్నది?"

నేను దాన్ని పలకరింపు అనుకున్నాను. నా మనసంతా బాయి ఇంటి తలుపు దగ్గరుంది. ఆమె ఏమడిగితే ఏం చెప్పాలో మరాఠీలో మనసులోనే దిద్దుకుంటూ, నర్సన్నకు కథను పైపైన చెప్పేవాణ్ని.

మూడు నెలలు పట్టింది. నర్సన్న పోగు దూరుస్తూ ఒక్కోసారి ఆగి, ఆ తెల్లటి నీళ్లను చూసేవాడు. "మొఖం లేదంటవు గని, నన్నే సూస్తున్నట్టున్నడు మాస్తర్" అనేవాడు.

బతుకమ్మకు పూలు అమ్మకానికి వచ్చిన రోజు పటం పూర్తయింది. కోసి, తిప్పి, నేల మీద పరిచాం. నునుపుగా, ఒక్క ముడి కనబడకుండా, నేను కలగన్నట్టే ఉంది. నర్సన్న మాత్రం నడుము మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మారిండు మాస్తర్. నేను నేసినాయన గీయన కాదు."

"తిప్పితే ఏ పటమన్న అట్లనే ఉంటది గదా."

"అవ్" అన్నాడు. "అట్లనే ఉంటది."

పుస్తకంలో ఇంకా పదిహేను పేజీలు మిగిలాయి. పటం చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. పండుగ తెల్లారి నర్సన్న మగ్గం విప్పారు. కట్టెలను ఎవరో తీసుకుపోయారు. ఆయన భివండీ బస్సెక్కాడు. బస్సు దాకా నేను వెళ్లలేదు. బాయి ఇంటికి వేసుకుపోయే ఇస్త్రీ చొక్కా కోసం జోడ్‌భావి పేట్ చాకలి దగ్గర కూర్చున్నాను.

రైలు పట్టాల అవతల

ప్రమీలా బాయికి ఎనభై దాటాయి. బడిలో టీచరుగా చేసి రిటైరయిందట. ఒక్కతే ఉంటుంది. నేను దిద్దుకున్న మరాఠీ వాక్యాలు తలుపు తెరవగానే పారిపోయాయి. పటం విప్పి ఆమె సోఫా మీద పరిచాను.

"చాలా బాగుంది" అంది మరాఠీలో. "ఎవరిది?"

రచయిత పేరు చెప్పాను.

"అయ్యో, ఆయనా!" అంటూ నవ్వింది. ఆరు నెలలు జపాన్‌లో ఉండి ఆ భాష నేర్చుకుందట. తిరిగి వచ్చాక ప్రచురణకర్త చేతిలో పెట్టిన పుస్తకం అదట. "నిజం చెబుతాను, కోపం తెచ్చుకోకండి మాస్తర్. ఆ పుస్తకం నాకు నచ్చలేదు. పడవ అటు పోతుంది, ఇటు వస్తుంది, అటు పోతుంది. అనువాదం చేస్తుంటే కుర్చీలో కూర్చునే కడుపులో తిప్పేది. అచ్చయ్యాక మళ్లీ తెరవలేదు."

నాకు కూర్చోవాలనిపించింది. కూర్చోమని ఆమె ఇంకా అనలేదు.

"ఒక్కరైనా చదివానని చెప్పినా తెరిచేదాన్నేమో" అంది మెల్లగా. "మీరే మొదటివారు."

తర్వాత ఆమె కళ్లద్దాలు పెట్టుకుని పటం మీదికి వంగింది. అంగీ మెడ దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది.

"ఇది కావాలనే ఇలా గీశారా?"

"ఏది?"

"అక్కడ బతికున్నవాళ్లు ఎడమ పట్టీని పైకి కట్టుకుంటారు. కుడి పట్టీ పైకి వచ్చేలా కట్టేది శవానికే. చివరి స్నానం చేయించాక."

సొరుగులో ఉన్న అద్దం గుర్తుకొచ్చింది. క్యాలెండరులో సరిగ్గానే ఉంది. నా కాగితం మీదా సరిగ్గానే ఉంది. అక్షరాలు లేవు కాబట్టి అద్దంలో చూడలేదు. బట్టకు కూడా ఎడమ, కుడి ఉంటాయన్నది నలభై ఏళ్లు బట్ట మీదే బతికిన నాకు తోచలేదు. తాలీం పటంలో పేరు మాత్రమే తిరగబడింది. ఇక్కడ, నాకు అంత ఇష్టమైన మనిషిని, మూడు నెలలు కష్టపడి శవాన్ని చేసి తెచ్చాను.

పటం చుట్టబోయాను. చుడుతుంటే వెనకవైపు పైకి వచ్చింది. మళ్లీ విప్పి, బోర్లా పరిచాను. ముడులు, కొసలు, రంగు మారిన చోటల్లా వేలాడే పోగులు. వాటి మధ్య ఎడమ పట్టీ పైన, కుడి పట్టీ కింద. నీళ్ల మీద తెల్లటి కొసలు లేచి నురగలా ఉన్నాయి.

బాయి ఒక తెల్లటి కొసను వేలితో తాకింది. "ఇటువైపు నుంచి ఇతన్ని ఎవరు చూశారు?"

"నేసినాయన. మూడు నెలలు ఇటే చూసిండు." మరాఠీలోకి మా యాస కూడా దూరిపోయింది.

"ఆయన చదివారా పుస్తకం?"

"చదవడం రాదు. నేను చెబుతుంటే విన్నాడు."

"ఆయనకు నచ్చిందా?"

ఆ ప్రశ్న నేను ఆయన్ని ఒక్కసారీ అడగలేదు.

చాయ్ ఇచ్చింది. పటం తన దగ్గర ఉంచుకోనంది. "నాకన్నా మీకే దగ్గరివాడు" అంది. మెట్లు దిగుతుంటే పై నుంచి పిలిచి, "పుస్తకం ఒక కాపీ ఎక్కడో ఉండాలి, వెతుకుతాను" అంది. వెతికిందో లేదో నాకు తెలియదు.

అద్దం సొరుగులో పెట్టకండి

పటం ఇప్పుడు మా ఇంట్లో ముడుల వైపు ఇవతలికి పెట్టి వేలాడదీశాను. వచ్చినవాళ్లంతా, "మామా, ఉల్టా పెట్టినవ్" అంటారు. మొదట్లో కారణం చెప్పి చూశాను, ఇప్పుడు "అవును" అంటాను.

క్లాసులో చేరిన పిల్లలూ, మీ కంప్యూటర్లో ఒక్క మీట నొక్కితే బొమ్మ తిరుగుతుందట. మంచిదే, నా అద్దం కన్నా నయం. కానీ ఎప్పుడు తిప్పాలో మీటకు తెలియదు. గీసిన ప్రతిదాన్నీ తిప్పి చూడండి, అక్షరం ఉన్నా లేకపోయినా. నేసేవాడు మీరు గీసినదాన్ని ఏ వైపు నుంచి చూస్తాడో వెళ్లి అతని పక్కన కూర్చుని చూడండి. కూర్చున్నప్పుడు అతను ఏదైనా అడిగితే పలకరింపనుకోకండి. నేను కూర్చున్నాను, చూశాను, వినలేదు. నేను చేసినవాటిలో పెద్ద తప్పు అక్షరాలది కాదు, పట్టీది కూడా కాదు.

బాయి ఇంటి నుంచి వచ్చిన వారానికి, నర్సన్న కొడుకు నంబరు పక్కింటివాళ్ల దగ్గర తీసుకుని ఫోన్ చేశాను. ఎత్తినాయన నర్సన్నే. వెనక పవర్‌లూమ్‌ల హోరు.

"హలో, ఎవలు?"

"నేను నర్సన్నా, మాస్తర్‌ని."

"అర్రె మాస్తర్! తాత మంచిగున్నడా?"

జరిగిందంతా చెప్పాను. ఎడమ పట్టీ, కుడి పట్టీ, శవం, అన్నీ. "నీ దిక్కున్నాయనే బతికున్న తాత. నేను జూసింది సచ్చినాయనను" అన్నాను.

"నేను గప్పుడే అంటి గద, మారిండని."

"అంటివి. నేను ఇనలే."

"ఇనకపోతే పోనియ్యి, ఏమాయె?" మగ్గాల హోరు మీదుగా గొంతు పెంచాడు. "మాస్తర్, ఒక్క మాట అడుగుత. ఎవడన్న ఎక్కిండా?"

"ఏంది?"

"పడవ. పటం కోసినంక నువ్వు కథ బంద్ జేస్తివి. ఈడ దినాం మషీన్ల కాడ కూసోని గదే అనుకుంట. ఎక్కిండా, ఎక్కలేదా అని. మా కోడల్ని అడుగుదునా? ఆమెకేం ఎరుక పాపం."

గోడ మీద తాత వైపు చూశాను.

"ఒక్క ముక్కల చెప్పాల్నా నర్సన్నా?"

"ఒద్దొద్దు. ముక్క ఏంది? సద్వు. స్టూల్ మీద కూసోని సద్వినట్టు సద్వు."

పుస్తకం తెచ్చుకున్నాను. మేం ఆపిన చోట పేజీల మధ్య నీలి పోగు ముక్క ఒకటి అలాగే ఉంది. అది అక్కడ నేను పెట్టింది కాదు. మొదటి వాక్యాన్ని మన మాటల్లోకి తిప్పి చెప్పాను.

"జర గట్టిగ మాస్తర్! ఈడ సప్పుడు!"

లేచి నిలబడ్డాను. ఏటి అవతలి ఒడ్డున ఉన్న మనిషికి కూడా వినబడేంత గట్టిగా, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.